నలభై దాటాక సొంత వ్యాపారం: రాజీనామా లేఖ కంటే ముందు చేయాల్సిన పనులు

నేను 19 ఏళ్లు ఉద్యోగం చేసి, 43వ ఏట రాజీనామా చేశాను. చేశాకే వ్యాపారం గురించి గట్టిగా ఆలోచించడం మొదలుపెట్టాను. మొదటి కస్టమర్ డబ్బు నా ఖాతాలో పడటానికి తొమ్మిది నెలలు పట్టింది. ఆ తొమ్మిది నెలల్లో నేను చేసిన పనుల్లో చాలా భాగం ఉద్యోగంలో ఉండగానే, సాయంత్రాలూ సెలవు రోజుల్లోనూ చేసుకోగలిగేవే. నెలాఖరున జీతం రాని ఇంట్లో కూర్చుని వాటిని చేయడం వల్ల ప్రతి నిర్ణయం మీదా టెన్షన్ పడింది. అందుకే ఈ దారిలోకి రావాలనుకునేవాళ్లు అడిగినప్పుడల్లా నేను ఒకే మాట చెబుతాను: రాజీనామా మొదటి మెట్టు కాదు, వరసలో అది చివరి మెట్లలో ఒకటి. కింది మెట్లు కూడా ఆ వరసలోనే రాశాను.

వయసు గురించి ముందు ఒక మాట

"ఇప్పుడా? ఈ వయసులోనా?" అని మీ చుట్టూ ఉన్నవాళ్లు అంటారు. మీ మనసూ అంటుంది. కంపెనీలు పెట్టి గెలిచేది ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లేననే నమ్మకం బాగా పాతుకుపోయింది. లెక్కలు మాత్రం వేరేలా ఉన్నాయి. పియరీ అజూలే, బెంజమిన్ జోన్స్, డేనియల్ కిమ్, హావియర్ మిరాండా అనే నలుగురు పరిశోధకులు అమెరికా జనగణన శాఖ దగ్గరున్న రికార్డులతో సుమారు 27 లక్షల మంది వ్యాపార వ్యవస్థాపకులను పరిశీలించారు. 2020లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం, కొత్త కంపెనీల్లో అతి వేగంగా ఎదిగినవాటిని వెయ్యింట ఒకటి చొప్పున తీస్తే, వాటిని మొదలుపెట్టే నాటికి వ్యవస్థాపకుల సగటు వయసు 45. యాభై ఏళ్ల మనిషి పెట్టిన కంపెనీ గొప్పగా ఎదిగే అవకాశం, ముప్పై ఏళ్ల మనిషి పెట్టినదానికంటే దాదాపు 1.8 రెట్లు.

అయితే ఆ అధ్యయనంలోనే ఇంకో విషయం ఉంది. దాన్ని వదిలేసి మొదటి భాగమే చెప్పడం మోసం అవుతుంది. ఏ రంగంలో వ్యాపారం పెట్టారో అదే రంగంలో ముందుగా కనీసం మూడేళ్లు పనిచేసినవాళ్లకు, ఆ అనుభవం లేనివాళ్లకంటే పెద్ద విజయం దక్కే అవకాశం 85 శాతం ఎక్కువ. అంటే వయసు దానంతటదే బలం కాదు. ఆ వయసులోపు మీరు ఏ పనిలో లోతు చూశారో అదే బలం. ఇరవై ఏళ్ల అనుభవాన్ని పక్కన పెట్టి, ఏమాత్రం పరిచయం లేని రంగంలోకి దూకితే, మీరు కూడా ఇరవై ఏళ్ల కుర్రాడితో సమానంగానే మొదలుపెడతారు. తేడా ఏమిటంటే ఆ కుర్రాడికి ఈఎంఐలు ఉండవు.

మొదటి మెట్టు: ఎందుకు వెళ్తున్నారో తేల్చుకోండి

బాస్ మీద కోపం, ఆగిపోయిన ప్రమోషన్, ఒళ్లు హూనమయ్యేంత అలసట, ఇవన్నీ ఉద్యోగం మారడానికి మంచి కారణాలే. వ్యాపారం పెట్టడానికి ఇవి చాలవు. తేడా తెలుసుకోవడానికి నేను చెప్పే పద్ధతి తేలికైనది. వరుసగా రెండు వారాలు సెలవు పెట్టండి. మొదటి వారం బాగా నిద్రపోండి. రెండో వారంలో కూడా ఆ వ్యాపారం ఆలోచన వదలకుండా వెంటపడుతుంటే అది నిజమైన కోరిక. నిద్ర సరిపోయాక ఆలోచన మెత్తబడిపోతే, మీకు కావలసింది విశ్రాంతి, లేదా వేరే ఆఫీసు.

రెండో మెట్టు: ఇంటి లెక్క కాగితం మీద పెట్టండి

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈ మెట్టును దాటవేసినవాళ్లు వ్యాపారం బాగున్నా ఇంట్లో ఓడిపోవడం చూశాను.

మీ భార్యతోనో భర్తతోనో కూర్చునే ముందు గత 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు తీయండి. నెలకు ఎంత ఖర్చవుతుందని మనం అనుకుంటామో, నిజంగా ఎంత అవుతుందో, రెండూ ఎప్పుడూ ఒకటి కావు. ఏడాదికోసారి వచ్చే ఖర్చులు (ఫీజులు, ఇన్సూరెన్స్ ప్రీమియంలు, పన్నులు, పెళ్లిళ్లు, ప్రయాణాలు) మన మనసులోని నెలవారీ లెక్కలోకి రావు. పన్నెండు నెలల మొత్తాన్ని పన్నెండుతో భాగిస్తేనే అసలు అంకె వస్తుంది. దాన్ని మూడు భాగాలు చేయండి: ఏం జరిగినా ఆగనివి, కష్టమైనా తగ్గించుకోగలిగేవి, జీతం ఉందికదా అని అలవాటైనవి. మూడో భాగం ఎంత పెద్దదో చూసి చాలామంది ఆశ్చర్యపోతారు.

ఇప్పుడు డబ్బుని మూడు డబ్బాలుగా విడదీయండి. మొదటిది ఇల్లు నడవడానికి. జీతం ఒక్క పైసా రాకపోయినా కనీసం 18 నెలలు ఇల్లు గడిచేంత ఉండాలని నా అభిప్రాయం. ఏడాది చాలని చెప్పేవాళ్లున్నారు. ఇద్దరూ సంపాదించే ఇంట్లో అది చాలవచ్చు కూడా. కానీ పిల్లల చదువులు, పెద్దవాళ్ల ఆరోగ్యం రెండూ ఒకేసారి మీద పడే వయసు ఇది. ఆరు నెలల అదనపు గడువు మిమ్మల్ని చెడ్డ కస్టమర్లకు తలవంచకుండా కాపాడుతుంది. రెండో డబ్బా వ్యాపారానికి. మూడోది రిటైర్మెంట్‌కూ పిల్లల పెద్ద చదువులకూ దాచింది. దీని మీద మూత పెట్టేయండి. ముప్పై ఏళ్లకు ఈ డబ్బు పోగొట్టుకున్నవాడికి మళ్లీ కూడబెట్టుకోవడానికి మూడు దశాబ్దాలు ఉంటాయి. మీకు అంత కాలం లేదు. నడివయసు వ్యాపారానికీ కుర్రతనపు వ్యాపారానికీ ఉన్న అసలైన తేడా ఇదే.

రెండో డబ్బాలో ఎంత వేయాలి? వ్యాపారానికి ఎంత అవసరమో లెక్కగట్టి అంత తెచ్చి పెట్టడం అందరూ చేసే పని. సరస్ సరస్వతి అనే పరిశోధకురాలు అనుభవమున్న వ్యాపారులు నిర్ణయాలు ఎలా తీసుకుంటారో పరిశీలించి, వాళ్లు ప్రశ్నను తిరగేసి అడుగుతారని గమనించారు. ఎంత వస్తుంది అని కాకుండా, ఎంత పోయినా తట్టుకోగలను అని వాళ్లు ముందు అడుగుతారు. ఆ అంకెను మీరిద్దరూ కలిసి తేల్చి, కాగితం మీద రాసి, తేదీ వేయండి. పోయినా ఇంట్లో ఒకరినొకరు నిందించుకోకుండా ఉండగలిగే అంకె అది. వ్యాపారం ఆ అంకెలో పట్టకపోతే వ్యాపారాన్ని చిన్నది చేయాలే తప్ప అంకెను పెంచకూడదు.

ఈ మాటలు ఒక్క రాత్రిలో తేలవు. రెండు మూడు సార్లు కూర్చోవలసి వస్తుంది. అవతలివాళ్ల భయాన్ని అడ్డంకిగా చూడకండి. మీ ఉత్సాహంలో మీకు కనిపించని ప్రమాదాన్ని వాళ్లు ముందే చూస్తున్నారు.

మూడో మెట్టు: మీరు దగ్గరగా చూసిన ఇబ్బందిని పట్టుకోండి

"మంచి ఐడియా" కోసం వెతకకండి. గత పదేళ్లలో మీ పనిలో మళ్లీ మళ్లీ ఎదురైన ఇబ్బందుల జాబితా రాయండి. ఎవరు ఫోన్ చేసి "ఇది మీరొక్కరే చేయగలరు" అన్నారు? ఏ పని బయటి సంస్థకు ఇస్తే ఎప్పుడూ ఆలస్యంగా, అధ్వానంగా వచ్చేది? దేనికి మీ కంపెనీ గొణుక్కుంటూనే డబ్బు కట్టేది?

మోరిస్ చాంగ్ కథ ఇక్కడ చెప్పాలి. ఆయన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే అమెరికా చిప్ కంపెనీలో 1958 నుంచి 1983 దాకా, అంటే 25 ఏళ్లు, పనిచేశారు. చిప్‌లు డిజైన్ చేసే ఇంజనీర్లు చాలామంది బయటికెళ్లి సొంత కంపెనీ పెట్టాలనుకోవడం, ఫ్యాక్టరీకి కావలసిన పెట్టుబడి పుట్టక ఆగిపోవడం ఆయన ఉద్యోగంలో ఉండగా చూశారు. 1987లో, 55 ఏళ్ల వయసులో, తైవాన్‌లో టీఎస్‌ఎంసీ మొదలుపెట్టినప్పుడు సొంత చిప్‌లు అమ్మకుండా ఇతరుల డిజైన్లను తయారుచేసి ఇవ్వడమే వ్యాపారంగా పెట్టుకున్నారు. అందరి కళ్లముందూ ఉన్న ఇబ్బందే అది.

అనుభవం అంటే ఎప్పుడూ సరుకు గురించిన జ్ఞానమే కానక్కర్లేదు. ఫల్గుణీ నాయర్ 2012లో కోటక్ మహీంద్రా పెట్టుబడి బ్యాంకు మేనేజింగ్ డైరెక్టర్ పదవి వదిలి, యాభైకి దగ్గరపడ్డాక సౌందర్య సాధనాలు అమ్మే నైకా మొదలుపెట్టారు. సౌందర్య సాధనాల రంగం ఆమె పనిచేసిన రంగం కాదు. కానీ కంపెనీలు పెట్టుబడి ఎలా తెచ్చుకుంటాయో, స్టాక్ మార్కెట్‌కు ఎలా వెళ్తాయో ఏళ్ల తరబడి చేసి చూసినవారు ఆమె. 2021 నవంబరులో నైకా స్టాక్ మార్కెట్‌లో నమోదైంది. మీ జాబితా రాసేటప్పుడు "నాకు ఏం తెలుసు" అనే ప్రశ్న పక్కనే "నన్ను ఎవరు నమ్ముతారు, ఎందుకు నమ్ముతారు" అనే ప్రశ్న కూడా పెట్టండి.

ఒక హెచ్చరిక. చేతిలో పెద్ద మొత్తం ఉన్న నడివయసు ఉద్యోగి కోసం ఎదురుచూసేవాళ్లు చాలామంది ఉంటారు. "పెట్టుబడి పెట్టండి చాలు, మిగతా అంతా మేం చూసుకుంటాం" అంటారు. ఎవరో చూసుకునే వ్యాపారంలో మీ ఇరవై ఏళ్ల అనుభవానికి పని ఉండదు. అక్కడ మీరు డబ్బు పెట్టేవారు మాత్రమే. ఫ్రాంచైజీ తీసుకోవాలనుకుంటే, అది నడుపుతున్న కనీసం ఐదుగురితో, మూసేసిన ఇద్దరితో మాట్లాడాకే సంతకం పెట్టండి. మూసేసినవాళ్ల ఫోన్ నంబర్లు మీరే వెతుక్కోవాలి, కంపెనీ ఇవ్వదు.

నాలుగో మెట్టు: ఉద్యోగ ఒప్పందం మళ్లీ చదవండి

చేరినరోజు సంతకం పెట్టి మరిచిపోయిన ఆ కాగితాలు బయటికి తీయండి. చూడాల్సినవి ఇవి: ఉద్యోగంలో ఉండగా బయట పని చేయవచ్చా, మీరు తయారుచేసినదాని మీద హక్కు ఎవరిది, మానేశాక పోటీ వ్యాపారం పెట్టకూడదనే షరతు ఎన్నాళ్లు, పాత క్లయింట్లనూ సహోద్యోగులనూ పిలవకూడదనే షరతు ఉందా, నోటీస్ పీరియడ్ ఎంత. ఇలాంటి షరతులు కోర్టులో ఎంతవరకు నిలుస్తాయనేది దేశాన్ని బట్టి మారుతుంది. ఒక లాయరుతో ఒక గంట కూర్చోవడానికి అయ్యే ఖర్చు దండగ కాదు.

కంపెనీ ల్యాప్‌టాప్‌లో, కంపెనీ ఈమెయిల్‌లో, కంపెనీ పని వేళల్లో మీ వ్యాపారానికి సంబంధించిన ఒక్క అక్షరం కూడా టైప్ చేయకండి. క్లయింట్ల జాబితాలు, టెంప్లేట్లు, ధరల పట్టికలు వెంట తెచ్చుకోకండి. చట్టం సంగతి అటుంచితే, మీరు అమ్మబోయేది నమ్మకాన్ని. పాత యజమానిని మోసం చేసి వచ్చారని తెలిసిన కస్టమర్ రేపు తన విషయంలోనూ అదే జరుగుతుందనుకుంటాడు.

స్టాక్ ఆప్షన్లు (ముందే నిర్ణయించిన ధరకు కంపెనీ షేర్లు కొనే హక్కు) ఉంటే వాటి తేదీలు, మానేశాక ఎన్ని రోజుల్లో కొనుక్కోవాలో చూడండి. చాలా కంపెనీల్లో ఆ గడువు 90 రోజులే. బోనస్ ఎప్పుడు పడుతుందో, పడిన తర్వాత ఎన్ని నెలల్లోపు వెళ్తే తిరిగి కట్టాలో కూడా చూడండి. రెండు వారాలు ఆగితే వచ్చే డబ్బు ఇల్లు నాలుగు నెలలు గడపవచ్చు.

ఐదో మెట్టు: ఉద్యోగంలో ఉండగానే ఒకరికి అమ్మండి

మొత్తం వ్యాసంలో ఒక్క మెట్టే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి.

2014లో జోసెఫ్ రాఫీ, జీ ఫెంగ్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఉద్యోగం చేస్తూనే వ్యాపారం మొదలుపెట్టి ఆ తర్వాత పూర్తిగా మారినవాళ్లు, ఉద్యోగం మానేసి నేరుగా దూకినవాళ్లకంటే మధ్యలో మూతపడే ప్రమాదం 33 శాతం తక్కువగా ఎదుర్కొన్నారు. దీనికి ఒక కారణం నాకు నా అనుభవంలోనే తెలిసింది. జీతం వస్తుండగా చేసిన తప్పు పాఠం అవుతుంది. అదే తప్పు జీతం ఆగాక చేస్తే ఒక నెల అద్దె అవుతుంది.

ముందు 15 నుంచి 20 మందితో మాట్లాడండి. స్నేహితులు కాదు, మీ సేవకో సరుక్కో డబ్బు కట్టే స్థానంలో ఉన్నవాళ్లతో. "నేను ఇలాంటిది పెడితే కొంటారా?" అని అడగకండి. పరిచయమున్న మనిషి మొహం మీద కాదనడు. "తప్పకుండా, మొదలుపెట్టగానే చెప్పండి" అంటాడు. ఆ మాటల మీద నమ్మకంతోనే నేను రాజీనామా చేశాను. అలా అన్న పదకొండు మందిలో నా దగ్గర నిజంగా కొన్నది ఒక్కరు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, నేను అడగవలసింది అడగలేదు.

జరిగిపోయినదాని గురించి అడగండి. పోయినసారి ఈ ఇబ్బంది ఎప్పుడు వచ్చింది? అప్పుడు ఏం చేశారు? ఎవరిని పిలిచారు? ఎంత ఖర్చయింది? ఆ ఖర్చు ఎవరి బడ్జెట్ నుంచి వచ్చింది? ఇబ్బంది గురించి అరగంట మాట్లాడి, దాన్ని తీర్చుకోవడానికి ఇంతవరకూ ఒక్క ప్రయత్నం కూడా చేయని మనిషి మీ కస్టమర్ కాదు. ఏదో అతుకులబొంత పరిష్కారం కోసం ఇప్పటికే డబ్బు పెడుతున్న మనిషి దగ్గర ఆగండి.

తర్వాత అతి చిన్న రూపంలో అమ్మండి. సాఫ్ట్‌వేర్ అనుకుంటే ముందు ఆ పనిని చేత్తో చేసిపెట్టండి. శిక్షణ సంస్థ అనుకుంటే పది మందికి ఒక శనివారం క్లాసు. సరుకైతే ఇరవై ముక్కలు. ఉచితంగా మాత్రం వద్దు. ఉచితంగా తీసుకున్నవాళ్లు మెచ్చుకుంటారు, కానీ మెచ్చుకోలు చూసి ధర తెలుసుకోలేం. తక్కువైనా సరే డబ్బు చేతులు మారాలి. మీ ఒప్పందం బయటి పనిని ఒప్పుకోకపోతే మాటల దశ వరకు చేసి ఆగండి, లేదా రాతపూర్వకంగా అనుమతి అడగండి. అడిగితే ఇచ్చే యాజమాన్యాలూ ఉన్నాయి.

ఈ దశలో లోగో, పేరు, విజిటింగ్ కార్డు, ఆఫీసు గదీ ఏవీ వద్దు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అవుతుంది. కార్పొరేట్ నుంచి వచ్చినవాళ్లకు అందమైన ప్రెజెంటేషన్ తయారుచేయడం చేతనైన పని కాబట్టి, అమ్మడమనే కష్టమైన పనిని తప్పించుకోవడానికి అక్కడే నెలలు గడిపేస్తారు.

ఆరో మెట్టు: ధర కట్టడం నేర్చుకోండి

జీతానికి అలవాటుపడినవాళ్లు దాదాపు అందరూ మొదట్లో తక్కువ ధర కడతారు. లెక్క ఎక్కడ తప్పుతుందో చూడండి. ఇప్పుడు నెలకు మీకు 100 వస్తోందనుకుందాం. నెలకు 22 పని దినాలు. రోజుకు నాలుగున్నర. "ఐదు అడిగితే ఎక్కువే కదా" అనుకుంటారు.

అసలు లెక్క ఇది. ఏడాదికి 365 రోజులు. శని, ఆదివారాలు 104 తీసేస్తే 261. పండగలు, సెలవులు, జ్వరాలు కలిపి 26 అనుకుంటే మిగిలేది 235. అందులో కనీసం సగం, ముఖ్యంగా మొదటి ఏడాది, కస్టమర్లను వెతకడానికీ ధరల కొటేషన్లు రాయడానికీ లెక్కలకూ వసూళ్లకూ పోతుంది. బిల్లు వేయగలిగే రోజులు సుమారు 115. ఇక ఆదాయం వైపు: పాత జీతం ఏడాదికి 1,200. దానికి ఇంతకాలం కంపెనీ మోసిన ఇన్సూరెన్స్, రిటైర్మెంట్ వాటా, ల్యాప్‌టాప్, సాఫ్ట్‌వేర్, ప్రయాణాలు, ఆడిటరు ఫీజు కలపాలి. 40 శాతం అనుకుంటే 1,680. దాన్ని 115తో భాగిస్తే రోజుకు 14.6. మీరు అడుగుదామనుకున్న ఐదుకు దాదాపు మూడు రెట్లు. ఆ ధర చెప్పడానికి నోరు రాకపోతే అద్దం ముందు చెప్పి అలవాటు చేసుకోండి. నిజంగానే చెబుతున్నాను, నేను అలాగే నేర్చుకున్నాను.

రోజుల లెక్కన అమ్మకుండా పని మొత్తానికి ఒక ధర చెప్పగలిగితే ఇంకా మంచిది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి రెండు రోజుల్లో చేసే పనికి కొత్తవాడికి పది రోజులు పడుతుంది. రోజుల లెక్కన తీసుకుంటే మీ నైపుణ్యమే మీకు నష్టం తెస్తుంది.

సరుకు అమ్మేవాళ్లకు ఈ లెక్క వేరే రూపంలో ఉంటుంది. తిరిగొచ్చేవి, పాడయ్యేవి, డెలివరీ, డిస్కౌంట్లు, అమ్మిపెట్టేవాళ్ల కమిషన్ అన్నీ పోయాక ఒక్క ముక్క మీద ఎంత మిగులుతుందో చూడండి. ఒక్కదాని మీద నష్టం వస్తుంటే వెయ్యి అమ్మితే అది వెయ్యి రెట్లు అవుతుంది.

ఏడో మెట్టు: జీతగాడిగా ఉండగానే తీసుకోవలసినవి

సొంత ఆరోగ్య ఇన్సూరెన్స్ ముందే తీసుకోండి. కంపెనీ పాలసీ చివరి పని దినంతోనే ఆగిపోవచ్చు. నడివయసులో బీపీయో షుగరో ఇప్పటికే ఉంటే, చాలా పాలసీల్లో వాటికి కవరేజీ మొదలవడానికి కొంత కాలం ఆగాలి. ఆ గడువు ఉద్యోగంలో ఉండగానే నడవనివ్వండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? టర్మ్ ఇన్సూరెన్స్ కూడా అంతే. ఇంటి లోనును వేరే బ్యాంకుకు మార్చాలన్నా, క్రెడిట్ కార్డు కావాలన్నా శాలరీ స్లిప్పులు చేతిలో ఉన్నప్పుడే అడగండి. వాడటానికి కాదు, అత్యవసరానికి. కుటుంబమంతా పూర్తి వైద్య పరీక్షలు చేయించుకోండి.

వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా తెరవండి, అది మొదటి రోజు నుంచే. ఇంటి డబ్బూ వ్యాపారం డబ్బూ కలిస్తే రెండింటిలో ఏది ఎండిపోతోందో తెలియదు. వచ్చిన ప్రతి చెల్లింపులో పన్ను వాటాను వెంటనే పక్కకు తీసిపెట్టండి. అది మీ డబ్బు కాదు. సొంత పేరు మీద నడపాలా, భాగస్వామ్యమా, కంపెనీగా నమోదు చేయాలా అనేది ఆడిటరుతో మాట్లాడి తేల్చుకోండి. ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకోండి: లిమిటెడ్ కంపెనీ పెడితే అప్పు బాధ్యత కంపెనీ వరకే అని అందరూ చెబుతారు. కానీ బ్యాంకు మీ చేత వ్యక్తిగత హామీ మీద సంతకం పెట్టిస్తే ఆ రక్షణ ఆ అప్పుకు పనిచేయదు. ఇల్లు తాకట్టు పెట్టి వ్యాపారం మొదలుపెట్టడం నాకు ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోబుద్ధి కాదు.

పార్ట్‌నర్ ఉంటే, ఎంత పాత స్నేహితుడైనా సరే, ఒప్పందం రాసుకోండి. ఎవరి వాటా ఎంత, ఎవరు ఎన్ని గంటలు, ఒకరు మధ్యలో వెళ్లిపోతే ఏమవుతుంది. వాటా మొత్తం మొదటి రోజే చేతిలో పెట్టకుండా నాలుగేళ్లలో కొంచెంకొంచెంగా దక్కేలా, మొదటి ఏడాది పూర్తయ్యాకే మొదటి భాగం వచ్చేలా రాసుకోవడం స్టార్టప్ ప్రపంచంలో మామూలే. స్నేహం కోసమే ఇది.

ఎనిమిదో మెట్టు: ఇప్పుడు రాజీనామా

ఎప్పుడు? నా కొలత మూడు షరతులు. 18 నెలల ఇంటి ఖర్చు పక్కన ఉంది. పరిచయం మొహమాటంతో కాకుండా అవసరంతో కొన్న కనీసం ముగ్గురు డబ్బు కట్టారు. వాళ్లలో ఒకరైనా రెండోసారి కొన్నారు. రెండోసారి కొనడం అన్నిటికంటే పెద్ద సాక్ష్యం.

లేఖ రెండు వాక్యాలు చాలు. ఫిర్యాదులు, ఉపన్యాసాలు వద్దు. పనులన్నీ వివరంగా అప్పగించండి, నోటీస్ పీరియడ్ చివరి రోజు వరకూ ఒళ్లు వంచి పనిచేయండి. మొదటి ఏడాది మీకు వచ్చే పనుల్లో చాలా భాగం పాత సహోద్యోగుల నోటిమాట ద్వారానే వస్తుంది. ఒక్కోసారి పాత కంపెనీయే మొదటి క్లయింట్ అవుతుంది. అది మంచి మొదలు. కానీ ఆదాయంలో సగానికి మించి ఒక్కరి దగ్గర్నుంచే వస్తుంటే, మీరు ఇన్సూరెన్సూ సెలవులూ లేని ఉద్యోగం చేస్తున్నట్టే.

మీరు వదలకముందే ఉద్యోగమే పోతే? బెర్నీ మార్కస్‌ను 1978లో, యాభైకి దగ్గరపడ్డాక, ఒక హార్డ్‌వేర్ దుకాణాల సంస్థ నుంచి తీసేశారు. ఆయనతోపాటు సహోద్యోగి ఆర్థర్ బ్లాంక్‌ను కూడా. మరుసటి ఏడాది ఇద్దరూ అమెరికాలోని అట్లాంటాలో, ఇంటి మరమ్మతు సామాన్లు అమ్మే హోమ్ డిపో మొదటి దుకాణాలు తెరిచారు. వాళ్లు అదే రంగంలో ఉన్నారని గమనించండి. అయితే అందరికీ నేను ఇదే సలహా ఇవ్వను. చేతికొచ్చిన పరిహారం డబ్బును వెంటనే వ్యాపారంలో పోయకండి. దాన్ని ఇంటి డబ్బాలో వేసి, చిన్నపాటి కాంట్రాక్టు పనులు పట్టుకుంటూ ఐదో మెట్టు నుంచి మొదలుపెట్టండి.

తొమ్మిదో మెట్టు: మొదటి ఏడాది నడపడం

లాభం ఉన్నా డబ్బు లేకపోవడం ఉద్యోగంలో ఎప్పుడూ ఎదురుకాని వింత. ఒక లెక్క చూడండి. నెలకు 100కు ఆర్డరు, మీ ఖర్చు 70, లాభం 30. కస్టమర్ ఇన్వాయిస్ ఇచ్చిన 60 రోజులకు చెల్లిస్తాడు. మొదటి నెల పనికి నెలాఖరున బిల్లు ఇస్తే డబ్బు మూడో నెలాఖరుకు వస్తుంది. అప్పటికి మీ జేబులోంచి మూడు డెబ్బైలు, అంటే 210 పోయింది. రెండో నెలలో సంతోషంగా ఆర్డరు రెట్టింపైతే? 70, 140, 140 కలిపి 350 ఖర్చుపెట్టాక మొదటి 100 కనిపిస్తుంది. వ్యాపారం పెరిగినందుకే చేతిలో డబ్బు అయిపోతుంది. అందుకే పని మొదలుపెట్టే ముందు 30 నుంచి 50 శాతం అడ్వాన్స్ అడగండి. బిల్లు పని పూర్తయినరోజే పంపండి. గడువు దాటిన మర్నాడే ఫోన్ చేయండి. మొహమాటపడకండి, పని చేశాకే అడుగుతున్నారు. ప్రతి శుక్రవారం ఒక గంట కూర్చుని రాబోయే 13 వారాల్లో ఏ వారం ఎంత వస్తుంది, ఎంత పోతుంది అని ఒక పట్టిక రాయండి. మూడు నెలల ముందు కనిపించిన కొరతను సర్దుకోవచ్చు. రేపటి కొరతకు అప్పు తప్ప దారి ఉండదు.

డబ్బు తర్వాత బాధపెట్టేది మౌనం. రోజుకు యాభై మెయిళ్లు వచ్చే మనిషికి ఒక్కటీ రాని రోజులు వస్తాయి. కంపెనీ పేరు పక్కన లేకుండా మీ పేరు చెబితే, నిన్నటిదాకా వెంటనే ఫోన్ ఎత్తినవాళ్లు రెండు రోజులకు తిరిగి చేస్తారు. దీన్ని ముందే ఊహించుకోలేక నేను చాలా కుంగిపోయాను. నన్ను నిలబెట్టింది ఒక దినచర్య: ఉదయం రెండు గంటలు అమ్మకానికి సంబంధించిన పని, అంటే ఫోన్లు, మెయిళ్లు, కలవడాలు. అది అయ్యాకే మిగతా ఏ పనైనా. చేతినిండా పని ఉన్న వారంలో కూడా దీన్ని ఆపకూడదు, ఎందుకంటే ఈరోజు మాట్లాడిన మనిషి ఆర్డరు ఇవ్వడానికి మూడు నాలుగు నెలలు పట్టవచ్చు. అలాగే, ఇదే దారిలో మీకంటే రెండేళ్లు ముందున్న ఒకరిద్దరితో నెలకోసారి మాట్లాడండి. ఇంట్లోవాళ్లకు ప్రతి భయమూ చెప్పలేం, చెప్పకుండా మోయలేం.

ఉద్యోగంలో మీ కింద చేసిపెట్టే మనుషులు ఉండేవాళ్లు. ఇప్పుడు ప్రింటర్ బాగుచేయడం నుంచి పన్నుల ఫారం నింపడం దాకా మీదే. రెండు నెలలు అన్నీ చేయండి, దేనికి ఎంత సమయం పోతోందో తెలుస్తుంది. తర్వాత లెక్కల పనిని ముందుగా బయటికివ్వండి. శాశ్వత ఉద్యోగిని పెట్టుకోవడం మాత్రం వీలైనంత ఆలస్యం చేయండి. ఆ మనిషి ఇల్లు కూడా ఇక మీ బాధ్యతే.

పదో మెట్టు: ఆపే గీత ముందే గీయండి

చివర్లో చెబుతున్నా, ఇది వ్యాపారం మొదలుపెట్టకముందే, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే రాసుకోవాలి. ఏ తేదీ నాటికి, నెలకు ఎంత ఆదాయం రాకపోతే ఆపుతారు? వ్యాపారపు డబ్బాలో ఎంత మిగిలినప్పుడు ఆపుతారు? ఇల్లు గడిచే డబ్బు ఆరు నెలలకు తగ్గితే ఉద్యోగం వెతకడం మొదలుపెట్టాలి అనేది నేను రాసుకున్న గీత. ఆరు నెలలే ఎందుకంటే ఈ వయసులో, ఈ హోదాకు, ఉద్యోగం దొరకడానికి అంత సమయం పడుతుంది. గీత రాసిన కాగితం కాపీ ఇంట్లో మీతోపాటు సంతకం చేసినవాళ్ల దగ్గర ఉండాలి. ఆ రోజు వస్తే, "ఇంకో మూడు నెలలు" అని మీరు అంటారు. కొత్తగా సంతకం చేసిన ఆర్డరు చూపించగలిగితేనే ఆ మూడు నెలలు ఇవ్వమని ఇప్పుడే వాళ్లతో ఒప్పందం చేసుకోండి.

తిరిగి ఉద్యోగానికి వెళ్లవలసి వస్తే రెజ్యూమెలో ఆ కాలాన్ని ఖాళీగా వదలకండి, "కన్సల్టెంట్" అనే ఒక్క మాటతో దాచేయకండి. ఏం మొదలుపెట్టారు, ఎంతమంది కస్టమర్లను తెచ్చారు, ఎంత వసూలు చేశారు, ఏ నెలలో ఏ అంకె చూసి ఆపాలని నిర్ణయించారు, అన్నీ రాయండి. చెల్లించాల్సిన బిల్లులన్నీ చెల్లించి, కస్టమర్ల పని మధ్యలో వదలకుండా అప్పగించి మూసేశారని కూడా రాయండి. కొందరు కస్టమర్లు మిమ్మల్ని అప్పుడు కూడా వదలరు. వాళ్ల ఫోన్ నంబర్లు జాగ్రత్తగా దాచుకోండి.